నాదస్వర విద్వన్మణి మర్హూమ్ షేక్ చినమౌలానా సాహెబు

ప్రతి యేటా వార్షికోత్సవం నాడు మన సంఘంవారు కొందరు పెద్దలను వేదికపైకి పిలిచి, శాలువా కప్పి, నాలుగు మంచి మాటలు చెప్పి గౌరవించడం ఆనవాయితీ. పిల్లలకు అక్షరాలు నేర్పిన మాస్టరుగారు కావచ్చు, రాత్రనక పగలనక కాన్పులకు పరుగెత్తిన నర్సమ్మ కావచ్చు, పలకల గనిలో చెమటోడ్చి కొడుకును పెద్ద చదువు చదివించిన తండ్రి కావచ్చు. ఇది చాలా మంచి పని. ఖిద్మత్ చేసినవారిని తలచుకోని చోట ఖిద్మత్ చేసేవాళ్ళు కరువవుతారు. అయితే ఈ సన్మానం ఎవరికి చేయాలి, ఎప్పుడు చేయాలి, ఆ మనిషిలో దేనిని చూసి చేయాలి అనే సంగతి మనం తీరిగ్గా కూర్చొని ఆలోచించింది తక్కువ. ఆ ఆలోచనకు పనికివస్తుందని, మన ప్రాంతంవాడే అయిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ సంచికలో సభ్యుల ముందు ఉంచుతున్నాను. ఆయనే నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా సాహెబుగారు.

పేరు చెప్పగానే పెద్దవాళ్ళలో కొందరికి తెల్లవారుజామున ఆకాశవాణిలో వినిపించే మంగళవాద్యం గుర్తుకు వచ్చి ఉంటుంది. మన పిల్లల్లో మాత్రం చాలామందికి ఆయన ఎవరో తెలియదు. ఇది వాళ్ళ తప్పు కాదు, చెప్పవలసిన వాళ్ళం మనమే చెప్పలేదు.

పుట్టుక, వంశం

ఒంగోలుకు దగ్గరలో, మద్రాసు బెజవాడ రైలు మార్గం మీద కరవది అనే గ్రామం ఉంది. ఆ ఊళ్ళో 1924 మే 12వ తేదీన చినమౌలానాగారు జన్మించారు. తండ్రి కాసిం సాహెబుగారు, తల్లి బీబీజాన్‌గారు. తండ్రిగారు నాదస్వర విద్వాంసులు. తాత ముత్తాతల నాటినుంచి ఆ ఇంట్లో వాద్యమే విద్య, వాద్యమే జీవనోపాధి.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. ఆయన పుట్టిననాటికి ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలో ఉండేది. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆ విధంగా కరవది, పెద్దారవీడు ఒకే జిల్లా కిందికి వచ్చాయి. కానీ అప్పటికే చినమౌలానాగారు తమిళదేశం వెళ్ళి స్థిరపడ్డారు. ఆయన మా జిల్లావాడని మనం చెప్పుకోవడానికి అవకాశం వచ్చే వేళకు ఆయన మన నడుమ లేరు. ఆయన ఎందుకు వెళ్ళారో ముందు ముందు మనవి చేస్తాను.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సన్నాయి వాయించే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వీరిలో నూర్‌బాషీయులు చాలామంది. ఊళ్ళో రామాలయంలో కల్యాణమైనా, చెన్నకేశవస్వామి తిరునాళ్ళయినా, రైతు ఇంట్లో పెళ్ళయినా సన్నాయి మేళం రావలసిందే. ఆ సన్నాయి పట్టేవారు షేక్ ఫలానా సాహెబు కావడం ఎవరికీ వింతగా తోచేది కాదు. తెల్లవారి లేచి నమాజు చేసుకొని, ఆ తరువాత గుడి ముందు నిలబడి భూపాలం వాయించే పెద్దలు మన పల్లెల్లో ఉండేవారు. సంగీతం విషయంలో మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చకు ఈ వ్యాసం చోటు కాదు. కష్టపడి నేర్చిన విద్యతో ఇల్లు నిలబెట్టుకొని, ఇరుగుపొరుగువారి శుభకార్యాల్లో పాలుపంచుకొని, అందరి మంచి కోరిన కుటుంబాలవి. చినమౌలానాగారు అటువంటి ఇంటి బిడ్డ.

తొలి పాఠాలు

మొదటి గురువు తండ్రిగారే. ఆ తరువాత చిలకలూరిపేటలో పేరుమోసిన విద్వాంసులు షేక్ ఆదం సాహెబుగారి దగ్గర శిక్షణ పొందారు. ఆంధ్రదేశంలో ఆనాటి నాదస్వర విద్యకు చిలకలూరిపేట ఒక పెద్ద కేంద్రం. అక్కడ నేర్చుకున్నవాడంటే పదిమందిలో గౌరవం ఉండేది.

నాదస్వరం దూరంనుంచి చూసేవారికి ఒక పొడుగాటి గొట్టం మాత్రమే. వాయించడం మొదలుపెడితే గాని దాని కష్టం తెలియదు. చేవగల బరువైన కర్రను తొలిచి తయారుచేస్తారు. కింద గరాటులాగా విచ్చుకొనే మూతి, పైన పెదవుల మధ్య పెట్టుకొనే చిన్న పీక. ఈ పీకను ఏటి ఒడ్డున పెరిగే రెల్లుజాతి గడ్డితో చేస్తారు. వేళ్ళు ఆడించడానికి ఏడు రంధ్రాలు ఉంటాయి. హార్మోనియంకు ఉన్నట్టు ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క మెట్టు దీనికి ఉండదు. ఏడు రంధ్రాలతోనే అన్ని స్వరాలూ, ఆ స్వరాల నడుమ ఊగే గమకాలూ పలికించాలి. రంధ్రాన్ని వేలితో ఎంత మూయాలి, ఎంత తెరవాలి, పెదవితో పీకను ఎంత బిగించాలి, ఊపిరి ఎంత వదలాలి అన్నది ఏళ్ళ తరబడి సాధన చేస్తేనే పట్టుబడుతుంది. పీక తడి ఆరినా శ్రుతి తప్పుతుంది, తడి ఎక్కువైనా తప్పుతుంది. ఊరేగింపులో గంటల కొద్దీ నడుస్తూ, పక్కన డోలు దద్దరిల్లుతుండగా వాయించాలంటే గుండె బలం కూడా కావాలి. అందువల్లనే ఈ విద్య నేర్వడానికి వచ్చిన పదిమంది పిల్లల్లో కడదాకా నిలిచేవాళ్ళు ఏ ఒకరో ఇద్దరో.

చినమౌలానాగారు నిలిచారు. ఆంధ్ర బాణీలో మంచి పట్టు సంపాదించి, కచేరీలు చేస్తూ పేరు తెచ్చుకున్నారు. మామూలు మనిషయితే ఇక్కడితో ఆగిపోయేవాడే. పిలిచేవాళ్ళు ఉన్నారు, వంశానికి పేరుంది, నాలుగు రాళ్ళు చేతిలో పడుతున్నాయి. ఇంతకన్న ఏం కావాలి?

కావేరి తీరపు పిలుపు

ఆ రోజుల్లో దక్షిణదేశంలో నాదస్వరం అంటే తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారి పేరే చెప్పేవారు. 1898లో పుట్టి 1956లో కాలం చేసిన ఆ మహా విద్వాంసుడు తోడి రాగం ఎత్తుకుంటే రాత్రి తెల్లవారుతున్నదని కూడా జనానికి తెలిసేది కాదట. గుడి ముందు నిలబడి, ఊరేగింపులో నడిచి వాయించే వాద్యాన్ని కచేరీ వేదికపైకి ఎక్కించి, గాయకునితో సమానంగా కూర్చోబెట్టడానికి పట్టుబట్టిన మనిషి ఆయన.

రాజరత్నంగారి నాదం చినమౌలానాగారి మనసును పట్టుకుంది. తాను నేర్చిన దానికీ, ఆ విన్న దానికీ నడుమ ఉన్న తేడా ఆయనకు తెలిసిపోయింది. మన బాణీలో వేగం, తాళం మీద పట్టు, స్వరాల చురుకు ముందు కనిపిస్తాయి. తంజావూరు బాణీలో రాగం నిదానంగా విచ్చుకుంటుంది. ఒక్కొక్క స్వరం దగ్గర నిలిచి, దాని చుట్టూ తిరిగి, దాని లోపలి రసం బయటికి తీస్తారు. అక్కడ వాయించే కీర్తనల్లో అధిక భాగం త్యాగరాజస్వామి తెలుగు కృతులే. మాట మనది, ఆ మాటను నాదస్వరంలో పలికించే పద్ధతి మాత్రం కావేరి గట్టు మీద పెరిగింది.

తేడా తెలిసిన తరువాత రెండే దారులు ఉంటాయి. మనకు మనదే గొప్ప అని సరిపెట్టుకోవడం ఒకటి. వెళ్ళి నేర్చుకోవడం రెండవది. మొదటిది సుఖం. చినమౌలానాగారు రెండవ దారి పట్టారు.

మళ్ళీ శిష్యరికం

కుంభకోణానికి దగ్గరలో నాచ్చియార్‌కోవిల్ అనే ఊరు ఉంది. ఇత్తడి దీపపు కుందులకు ప్రసిద్ధి. ఆ ఊళ్ళో రాజం, దురైక్కణ్ణు అనే సోదరులు తంజావూరు బాణీలో ఆరితేరిన నాదస్వర విద్వాంసులు. చినమౌలానాగారు వారిని ఆశ్రయించి సంవత్సరాల తరబడి విద్య నేర్చుకున్నారు.

ఈ సంగతిని రెండు ముక్కల్లో చెప్పేశాను గాని, దీని వెనుక ఉన్నది మామూలు విషయం కాదు. కరవది నుంచి నాచ్చియార్‌కోవిల్‌కు వెళ్ళాలంటే మద్రాసు దాకా ఒక రైలు, అక్కడినుంచి దక్షిణాన ఇంచుమించు మూడువందల కిలోమీటర్లు మరో ప్రయాణం. భాష వేరు, తిండి వేరు, ఆచారం వేరు. అన్నిటికన్న మించినది మరొకటి ఉంది. అప్పటికే విద్వాంసుడని పేరు తెచ్చుకున్న మనిషి మళ్ళీ కుర్రవాడిలాగా గురువు ముందు కూర్చోవాలి. వేళ్ళకు అలవాటైన పద్ధతిని మరిపించి కొత్త పద్ధతి మప్పాలి. తెలియనివాడికి నేర్పడం తేలిక, తెలిసినవాడు తిరిగి నేర్వడం బహు కష్టం. వాద్యం సంగతి వదలండి. నలభై ఏళ్ళు సేద్యం చేసిన రైతుకు కొత్త పద్ధతి చెప్పి చూడండి, పదేళ్ళు బండి నడిపినవాడికి నడపడంలో లోపం చెప్పి చూడండి. అహం అడ్డు వస్తుంది. చినమౌలానాగారికి అది అడ్డు రాలేదు. మన పెద్దలు సబర్ అనే మాటను సాధారణంగా కష్టాన్ని ఓర్చుకోవడం అనే అర్థంలో వాడతారు. తనకు ఇంకా తెలియవలసింది ఉన్నదని ఒప్పుకొని, ఆ తెలిసేదాకా ఓపిక పట్టడం కూడా సబరే.

ఆ గురువులను కూడా ఇక్కడ తలచుకోకపోతే మనం కృతఘ్నులమవుతాం. తెలుగుదేశంనుంచి వచ్చిన ఒక ముస్లిం విద్వాంసునికి ఆ తమిళ సోదరులు తమ విద్య దాచుకోకుండా ఇచ్చారు. వంశంవాళ్ళకే విద్య చెప్పే అలవాటు గట్టిగా ఉన్న వృత్తి అది. రేపు ఈ శిష్యుడు తమకే పోటీ రావచ్చునన్న ఆలోచన మరొకరికైతే వచ్చేదేమో. వారు ఆ రోజు తలుపు మూసి ఉంటే ఈ రోజు మనం చెప్పుకోవడానికి ఈ కథ ఉండేది కాదు. చినమౌలానాగారి మెడలో పడిన ప్రతి దండలోనూ రాజం, దురైక్కణ్ణుగార్ల వంతు పువ్వులు కొన్ని ఉన్నాయని నేను అనుకుంటాను.

శ్రీరంగ నివాసం

1964 ప్రాంతంలో ఆయన కుటుంబంతో శ్రీరంగం చేరి అక్కడే స్థిరపడ్డారు. కావేరి, కొల్లిడం నదుల నడుమ ఉన్న ఆ క్షేత్రం వైష్ణవులకు పరమ పవిత్రం. అటువంటి చోట ఒక ముస్లిం కుటుంబం ఇల్లు కట్టుకొని, నాదస్వరాన్నే నమ్ముకొని బ్రతికింది. ఆయనకు శ్రీరంగనాథుని యెడల ఎంతో భక్తి అని సంగీత లోకమంతా చెప్పుకుంటుంది. అదే సమయంలో తన పేరు మార్చుకోలేదు, ఇంటి పేరు దాచుకోలేదు. పుట్టినప్పుడు షేక్ చినమౌలానా, పోయేటప్పుడు కూడా షేక్ చినమౌలానాయే. రెండు వైపులా కొందరికి ఇది మింగుడు పడని సంగతి కావచ్చు. ఆయన వాదనలకు దిగే మనిషి కాడు. వాద్యం పట్టుకొని శ్రుతి సరిచూసుకున్నారు. విన్నవాళ్ళు వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. ఆయన సొంతగడ్డ విడిచి ఎందుకు వెళ్ళారు? విద్య పెరిగే చోటుకు విద్వాంసుడు వెళ్తాడు. అక్కడ ప్రతి పెద్ద గుడికీ నాదస్వర మేళం ఉంది. రాగాన్ని గంటల కొద్దీ వినే ఓపిక గల శ్రోతలు ఉన్నారు. తప్పు పలికితే తల అడ్డంగా ఊపేవాళ్ళూ, ఒప్పు పలికితే ఆహా అనేవాళ్ళూ ఉన్నారు. మన వైపున సన్నాయి మేళాన్ని పెళ్ళికి తప్పనిసరి తంతుగా పిలవడమే గాని, కూర్చొని వినడం తక్కువ. ఈ మాట ఎవరినో నిందించడానికి అనడం లేదు. నా సంగతే చెబుతాను.

నా కుర్రతనంలో ఒక పెళ్ళింట వడ్డన పనిలో ఉన్నాను. సన్నాయి మేళంవారు తెల్లవారుజాము నుంచి వాయిస్తున్నారు. మేళంలో పెద్దాయనకు అరవై ఏళ్ళు పైబడి ఉంటాయి. ఊరివాళ్ళ పంక్తులు, చుట్టాల పంక్తులు అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మేళంవారిని పెరటి వసారాలో కూర్చోబెట్టి విస్తళ్ళు వేశాం. అన్నం అడుగంటింది, పప్పు చల్లారిపోయింది. పెద్దాయన ఏమీ అనలేదు. పీకను గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకొని, బిస్మిల్లా అనుకొని తినడం మొదలుపెట్టాడు. ఆయన పేరేమిటని కూడా నేను అడగలేదు. ఆ పూట ఆయన ఏ రాగం వాయించాడో నాకు తెలియదు, ఎందుకంటే నేను వినలేదు. చాలా ఏళ్ళ తరువాత చినమౌలానాగారి నాదస్వరం రేడియోలో విని కళ్ళు చెమ్మగిల్లినప్పుడు, ఆ వసారా గుర్తుకు వచ్చి సిగ్గు వేసింది. రేడియోలో వింటే ఆనందం, మన పెరట్లో ఉంటే మేళంవాడు. ఇదీ మన లెక్క.

వరించిన సన్మానాలు

చినమౌలానాగారిని వరించిన గౌరవాలు అనేకం. 1977వ సంవత్సరం వారి జీవితంలో మరపురానిది. ఆ యేడే భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది, ఆ యేడే కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా లభించింది. తమిళనాడు ప్రభుత్వం కలైమామణి బిరుదుతో సత్కరించింది. అమెరికా, సోవియట్ రష్యా మొదలైన దేశాలకు వెళ్ళి మన వాద్యాన్ని వినిపించి వచ్చారు. కరవది గ్రామంలో పుట్టిన సన్నాయి సముద్రాలు దాటింది.

అన్నిటికన్న పెద్దది 1998లో వచ్చింది. 1928లో స్థాపితమైన మద్రాసు సంగీత అకాడమీ ఏటా ఒక్క విద్వాంసుని ఎంపిక చేసి, డిసెంబరులో జరిగే తమ మహాసభలకు అధ్యక్షునిగా కూర్చోబెట్టి, సంగీత కళానిధి బిరుదు ప్రదానం చేస్తుంది. కర్ణాటక సంగీతంలో దీనికి మించిన గౌరవం లేదని విద్వాంసులు భావిస్తారు. గాయకులకు ఎక్కువగానూ, వీణ, వయొలిన్ వాద్యకారులకు కొంతగానూ దక్కే ఈ బిరుదు నాదస్వర విద్వాంసులకు రావడం బహు అరుదు. నాదస్వర చక్రవర్తి అని లోకం పొగిడిన రాజరత్నం పిళ్ళైగారికే అది రాలేదు. ఆయన నాదం విని దారి మార్చుకున్న చినమౌలానాగారికి వచ్చింది. నాదస్వర కుటుంబాలన్నీ అది తమ ఇంటికి వచ్చిన గౌరవంగా తలచాయంటే ఆశ్చర్యం లేదు.

అప్పటికి వారి వయస్సు డెబ్బై నాలుగు. ఆ తరువాత ఎన్నో నెలలు గడవలేదు. 1999 ఏప్రిల్ 13వ తేదీన ఆయన ఈ లోకం విడిచి వెళ్ళారు. ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆ బిరుదు ఖాళీ కుర్చీకి ఇవ్వవలసి వచ్చేది.

ఖాళీ కుర్చీకి ఇచ్చిన ఉదాహరణ కూడా మన రాష్ట్రంలోనే ఉంది. ఆనాటి కృష్ణా జిల్లా గోసవీడుకు చెందిన నాదస్వర విద్వాంసులు షేక్ హసన్ సాహెబుగారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. మరణానంతర పురస్కారంగా ప్రకటించారు. జీవితమంతా వాయించిన ఆ పెద్దాయన దానిని చేతులారా అందుకోలేకపోయారు. ఇచ్చినందుకు సంతోషమే. కాని ఆయన చెవులతో ఆ చప్పట్లు విని ఉంటే ఆ సంతోషం ఇంకో విధంగా ఉండేది గదా.

నేర్చినది పంచడం

సన్మానం పొందిన మనిషి ఆ తరువాత ఏం చేశాడన్నది కూడా చూడాలి. పద్మశ్రీ వచ్చిన తరువాత చినమౌలానాగారు పేరు చెప్పుకొని కాలం గడపలేదు. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి శిష్యులను తయారుచేయడం మొదలుపెట్టారు. నాచ్చియార్‌కోవిల్ సోదరులు తనకు తెరచిన తలుపును ఆయన ఇతరుల కోసం తెరచి ఉంచారు. గురువు ఋణం గురువుకు తీర్చలేము. శిష్యునికి ఇచ్చి తీర్చుకోవాలి. చినమౌలానాగారు ఆ ఋణం తీర్చుకున్న విధం ఇది.

మనుమలు కాసిం, బాబు ఆయన దగ్గరే విద్య నేర్చి, జంటగా వేదికలెక్కి తాతగారి బాణీని నిలబెట్టారు. ఆయన శిష్యుల్లో మరో జంటను మనం ప్రత్యేకంగా తలచుకోవాలి. షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ తెలుగు నేలనుంచి వెళ్ళి చినమౌలానాగారి వద్ద శిక్షణ పొందారు. 2020లో భారత ప్రభుత్వం ఆ దంపతులిద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించింది. ఊపిరి బలం కావలసిన ఈ వాద్యాన్ని ఆడవాళ్ళు పట్టడం అరుదైన కాలంలో కాలీషాబీగారు భర్త పక్కన కూర్చొని సమానంగా వాయించారు. గురువుకు 1977లో వచ్చిన పద్మశ్రీ నలభై మూడేళ్ళ తరువాత శిష్యుల ఇంటికి కూడా వచ్చింది. మన ఇళ్ళల్లో ఆడపిల్లకు ఏ విద్య మీదనైనా మనసు పడితే, ఇది నీకు చేతగాదు అనేముందు తల్లిదండ్రులు ఒక్కసారి కాలీషాబీగారిని తలచుకోవాలని నా మనవి.

మనకు పనికివచ్చే మాట

ఒక మనిషి జీవితాన్ని చదివి బాగుంది అనుకొని పుస్తకం మూసేస్తే ప్రయోజనం లేదు. చినమౌలానాగారి జీవితాన్ని ముందు పెట్టుకొని, మన సంఘం చేసే సన్మానాల గురించి రెండు మూడు సంగతులు మనవి చేస్తాను. పెద్దలు మన్నించాలి.

మొదటిది. మనం సాధారణంగా ఫలితాన్ని చూసి సన్మానిస్తాం. ఉద్యోగం వచ్చిన తరువాత, ఫోటో పేపర్లో పడిన తరువాత, పదవి దొరికిన తరువాత పిలుస్తాం. చినమౌలానాగారి జీవితంలో అసలు గొప్పదనం 1977లోనూ లేదు, 1998లోనూ లేదు. ఉన్న పేరును పక్కన పెట్టి మళ్ళీ శిష్యుడై కూర్చున్న ఆ రోజుల్లో ఉంది. ఆ రోజుల్లో ఆయనకు శాలువా కప్పినవారు ఎవరు? అటువంటి దశలో ఉన్నవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. పదోతరగతి తప్పి, సిగ్గుపడకుండా తిరిగి రాస్తున్న కుర్రవాడు ఉన్నాడు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కుట్టుపని నేర్చుకొని ఇల్లు నడుపుతున్న వితంతువు ఉంది. నలభై దాటాక చదవడం రాయడం నేర్చుకున్న పలకల కార్మికుడు ఉన్నాడు. వీళ్ళను వేదిక మీదికి పిలవడానికి పెద్ద బిరుదులు అవసరం లేదు.

రెండవది. ఒకరిని సన్మానించినప్పుడు వారికి నేర్పినవారిని కూడా అదే రోజు పిలుద్దాం. గురువు, తల్లి, అప్పు ఇచ్చి ఆదుకున్న మేనమామ, ఎవరైతే తలుపు తెరిచారో వారు. లేకపోతే సాధించినవాడు ఒక్కడే కొండెక్కినట్టు పిల్లలకు కనిపిస్తుంది. అది నిజం కూడా కాదు.

మూడవది. సన్మానం పొందినవారిని ఒక్క కోరిక కోరుదాం. మీకు వచ్చిన విద్యను మన పిల్లల్లో ఒక్కరికైనా నేర్పండి అని. వైద్యం తెలిసినవారు, లెక్కలు తెలిసినవారు, వడ్రంగం తెలిసినవారు, ఎవరైనా సరే. శాలువా బీరువాలో మడత పడి ఉంటుంది. నేర్పిన విద్య ఊళ్ళో తిరుగుతూ ఉంటుంది.

ఆఖరుగా ఒక చిన్న పని. ఈసారి మీ ఇంట్లో పెళ్ళికి సన్నాయి మేళం వస్తే, మేళంవారి పేర్లు అడగండి. మొదటి పంక్తిలో భోజనం పెట్టండి. మైకులో సినిమా పాటలు ఒక్క పావుగంట ఆపించి, పెద్దాయనను తనకు ఇష్టమైన రాగం ఒక్కటి వాయించమనండి. పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి. వాళ్ళలో ఎవరికి ఆ నాదం చెవిలో పడి ఏ దారి చూపిస్తుందో ఎవరు చెప్పగలరు? రాజరత్నంగారి నాదం ఒక కరవది యువకుని చెవిన పడబట్టే గదా ఇంత కథ నడిచింది.

మర్హూమ్ షేక్ చినమౌలానా సాహెబుగారు పోయి పాతికేళ్ళు దాటింది. ఆయన ప్రయాణం కరవదిలో మొదలై శ్రీరంగంలో ముగిసింది. అంతటి మనిషి మరొకరు మన పల్లెల్లో పుడితే, విద్య కోసం వెళ్ళవలసి వస్తే వెళ్ళనిద్దాం. కాని వినేవాళ్ళు లేక, విలువ ఇచ్చేవాళ్ళు లేక వెళ్ళిపోయే పరిస్థితి మాత్రం రానివ్వకుండా చూసుకుందాం. అందుకు మన సంఘం చేతనైనది చేస్తుందని నమ్ముతూ సెలవు తీసుకుంటున్నాను.